4-1 మెమో వచ్చాక కన్సల్టెన్సీ ఏం చేస్తుంది? బెజవాడ, గుంటూరు ఎంఎస్ ప్యాకేజీల సమీక్ష

బెంజి సర్కిల్ నుంచి లబ్బీపేట దాకా, గుంటూరులో అయితే బ్రాడీపేట, లక్ష్మీపురం వీధుల్లో ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా ఎంఎస్ ప్యాకేజీ ఇంచుమించు ఒకే మూసలో ఉంటుంది. యూనివర్సిటీల షార్ట్‌లిస్ట్, ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం), ఎల్‌ఓఆర్‌ల (సిఫారసు లేఖల) డ్రాఫ్టులు, దరఖాస్తుల ఫైలింగ్, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) వచ్చాక వీసా మాక్ ఇంటర్వ్యూ. కొన్నిచోట్ల ఇదంతా ఫ్రీ అంటారు, కొన్నిచోట్ల డబ్బు తీసుకుంటారు. ఈ సమీక్ష ఏ ఒక్క ఆఫీసు గురించీ కాదు, ఆ మూస గురించి. అందులోనూ ఒక్క ప్రశ్న మీదే: దరఖాస్తులు వెళ్లిపోయి జవాబు ఇంకా రాని ఆ మూణ్నాలుగు నెలల్లో 4-1 (బీటెక్ నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్) ఫలితాలు వచ్చి మార్కులు జారిపోతే, ఈ ప్యాకేజీ ఏపాటి ఆదుకుంటుంది?

రేటింగ్ ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు సుఖం. ఫైలింగ్ దాకా ఐదుకి నాలుగు. ఫైలింగ్ తర్వాతి పనికి ఐదుకి ఒకటిన్నర, అది కూడా ఫోన్ ఎత్తే కౌన్సెలర్ దొరికితే. ఫారాలు నింపడంలో వీళ్లకు చెయ్యి తిరిగింది, గడువులు తప్పరు, ఫీజు కట్టించేటప్పుడు కార్డు ఎక్కడ డిక్లైన్ అవుతుందో కూడా తెలుసు. 4-1 మెమో చేతికొచ్చి "సార్, ఇప్పుడేం చేయాలి" అని అడిగితే మాత్రం వచ్చే జవాబు ఒకటే: "4-1 ఎవరూ చూడర్లే బాబూ."

చూస్తారు. ఎప్పుడు, ఎవరు, ఎందుకు చూస్తారో తెలిస్తే భయపడాల్సినంత భయపడి ఊరుకోవచ్చు.

ఆగస్టులో మొదలయ్యే ఫాల్ ఇంటేక్ గడువులు డిసెంబరు 15, జనవరి 1, జనవరి 15 చుట్టూ గుంపుగా ఉంటాయి. మిగతావి ఫిబ్రవరి, మార్చి, కొన్ని ఇంకా తర్వాత. మన కాలేజీల్లో 4-1 పరీక్షలు నవంబరు, డిసెంబరుల్లో పడతాయి. ఫలితం అటానమస్ వాళ్లకు కాస్త ముందు, కాకినాడ జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల వాళ్లకు కాస్త వెనక. కాబట్టి మొదటి గడువుల్లో వేసిన దరఖాస్తుతో వెళ్లేవి 3-2 దాకా ఆరు సెమిస్టర్ల మార్కులే. ఏడో సెమిస్టర్ సంగతి వాళ్లకు ఇంకా తెలియదు, మీకూ తెలియదు.

పైగా జారేది కూడా ఆ సెమిస్టరే. జూలై నుంచి ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లు, మధ్యలో జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్, ఎస్‌ఓపీ పని, సాయంత్రాలు కన్సల్టెన్సీ సోఫాల్లో. మిడ్ పరీక్షలు ఎవరికీ పట్టవు. ఇంటర్నల్స్ తగ్గితే ఎక్స్‌టర్నల్‌లో ఎంత రాసినా గ్రేడు ఒక మెట్టు దిగుతుంది.

ముందు లెక్క వేసుకోండి, ఆ తర్వాత కంగారు

చాలా ఆఫీసుల్లో స్టూడెంట్ల వివరాలు ఒక ఎక్సెల్ షీట్‌లో ఉంటాయి. పేరు, బ్రాంచ్, సీజీపీఏ, జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్, బ్యాక్‌లాగ్స్, చివర యూనివర్సిటీల పేర్లు రంగు రంగుల గళ్లలో: ఎరుపు యాంబిషియస్, పసుపు మోడరేట్, ఆకుపచ్చ సేఫ్. సెప్టెంబరులో సీజీపీఏ గడిలో ఏ అంకె పడిందో మార్చిలోనూ అదే ఉంటుంది. 4-1 వచ్చాక ఆ గడి మార్చి, పక్కనున్న రంగులు మళ్లీ చూసే పని ఏ ప్యాకేజీలోనూ రాసి ఉండదు. సమీక్షలో మొదటి మైనస్ ఇదే. చేయాల్సింది పది నిమిషాల పని.

కాకినాడ జేఎన్‌టీయూ ఆర్20 రెగ్యులేషన్ (2020 బ్యాచ్‌తో మొదలైన నిబంధనలు) తీసుకుందాం. మొత్తం 160 క్రెడిట్లు. మొదటి ఏడాది సెమిస్టర్‌కు 19.5 చొప్పున, రెండు, మూడు సంవత్సరాలు 21.5 చొప్పున, 4-1కి 23, 4-2కి 12. అంటే 3-2 దాకా 125. ఆరు సెమిస్టర్లకు సీజీపీఏ 8.1 ఉన్నవాళ్ల చేతిలో, 125తో గుణిస్తే, 1012.5 పాయింట్లు ఉన్నట్టు. 4-1లో ఎస్‌జీపీఏ (ఆ ఒక్క సెమిస్టర్ సగటు) 7.0కి పడితే 161 కలుస్తాయి, 148తో భాగిస్తే 7.93. అదే 6.0కి పడితే 138 కలుస్తాయి, సీజీపీఏ 7.77. అంతకంటే దిగాలంటే చాలా కష్టపడి చెడగొట్టుకోవాలి. 4-2లో ఆర్20 వాళ్లకు థియరీ పేపర్లు లేవు, ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్పే. అక్కడ 9 వస్తే చివరికి 7.87 దగ్గర తేలుతుంది. ఒక సెమిస్టర్ పూర్తిగా పాడైనా నష్టం పావు పాయింటు దరిదాపుల్లోనే.

అటానమస్ కాలేజీల్లో, డీమ్డ్ యూనివర్సిటీల్లో క్రెడిట్లు వేరుగా ఉంటాయి, లెక్క పద్ధతి ఇదే. మీ మెమోల మీదున్న క్రెడిట్లు కూడుకుంటే చాలు.

ఎఫ్ పడితే కథ వేరు. పాసయ్యేదాకా ఆ సబ్జెక్టుకు సున్నా. మూడు క్రెడిట్ల పేపరు ఒకటి పోయి మిగతా 20 క్రెడిట్లలో సగటున 7 వచ్చినా ఎస్‌జీపీఏ 6.09కి దిగుతుంది. ఆ అంకె సప్లీ రాస్తే బాగుపడుతుంది. బాగుపడనిది క్యాలెండర్. దాని సంగతి తర్వాత.

ఇంకో మాట, ఏ సబ్జెక్టులో జారిందన్నదీ లెక్కే. 4-1లో ఎక్కువ భాగం ప్రొఫెషనల్ ఎలెక్టివ్‌లు. డేటా సైన్స్‌కి దరఖాస్తు చేసి డీప్ లెర్నింగ్‌లో పాస్‌కి అట్టడుగున ఉండే E గ్రేడు తెచ్చుకుంటే ఫ్యాకల్టీ కంటికి ఆనుతుంది. మేనేజ్‌మెంట్ పేపర్లో అదే గ్రేడు వస్తే పట్టించుకునేవాళ్లు తక్కువ. షార్ట్‌లిస్ట్ చేసే కౌన్సెలర్‌కి ఈ తేడా తెలిసి ఉండాలి. బీటెక్ సిలబస్ తెలిసిన కౌన్సెలర్ ఉన్న ఆఫీసు దొరికితే వదలకండి.

సీజీపీఏని 4 స్కేలుకి మార్చడం దగ్గర కూడా చాలా ఆఫీసులు దారి తప్పుతాయి. 8.1ని 0.4తో గుణించి 3.24 అని ఫారంలో వేసేస్తారు. ఎక్కువ గ్రాడ్యుయేట్ స్కూళ్ల ఫారాలు మార్చొద్దు, మీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నది ఉన్నట్టు రాయమని అక్కడే చెబుతాయి. మార్పిడి వాళ్లు చేసుకుంటారు, లేదంటే విదేశీ మార్కుల్ని అమెరికా లెక్కకి మార్చే వెస్ లాంటి సంస్థతో కోర్స్ బై కోర్స్ ఎవాల్యుయేషన్ అడుగుతారు. గుణకారంతో వచ్చిన 3.24 మీద నమ్మకం పెట్టుకుని, 4-1 తర్వాత 3.11 అయిందని ఏడవడం దండగ. ఆ రెండు అంకెలూ యూనివర్సిటీవి కావు.

దరఖాస్తు ఏ దశలో ఉంది?

మూసలో పెద్ద లోపం ఇక్కడుంది. అన్ని దశలకూ ఒకే సలహా ఇస్తారు: పంపొద్దు. కొన్నిసార్లు అది సరే. కొన్నిసార్లు అదే కొంప ముంచుతుంది.

దరఖాస్తు ఇంకా సబ్మిట్ కాలేదు, 4-1 ఫలితం వచ్చేసింది అనుకుందాం. ఫిబ్రవరి, మార్చి గడువుల వాళ్లకు జరిగేది ఇదే. అప్పుడు ఏడో సెమిస్టర్ మెమో పెట్టి తీరాలి. దరఖాస్తు చివరి పేజీలో సంతకం బదులు పేరు టైపు చేసే గడి పైన, ఇచ్చిన సమాచారం పూర్తిగా నిజమని, తేడా వస్తే అడ్మిషన్ రద్దు చేయొచ్చని రాసి ఉంటుంది. ఆ గడి చాలాసార్లు నింపేది కన్సల్టెన్సీ కుర్రాడు, పేరు మాత్రం మీది. ఫలితం వచ్చాక ఆరు సెమిస్టర్లే అప్‌లోడ్ చేసి "ఇన్ ప్రోగ్రెస్" అని కొట్టడం అబద్ధమే అవుతుంది. పరీక్షలు రాసి ఫలితం రాకపోతే "ఇన్ ప్రోగ్రెస్" నిజం. ఫలితం తేదీ మెమో మీద అచ్చయి ఉంటుంది కాబట్టి తర్వాత వాదించడానికి ఏమీ మిగలదు.

సబ్మిట్ అయింది, రివ్యూలో ఉంది, ఇప్పుడు ఫలితం వచ్చింది. అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్లలో చాలావాటి స్టేటస్ పేజీలు స్లేట్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. లాగిన్ అయితే ఒక చెక్‌లిస్ట్, కింద అదనపు కాగితాలు అప్‌లోడ్ చేసే చోటు కనిపిస్తాయి. అక్కడ "ఏడో సెమిస్టర్ మార్కులు" అని ఎర్ర గుర్తు పడితే ఆలోచించే పని లేదు, పెట్టేయాలి. ఏ గుర్తూ లేదు, యూనివర్సిటీ సూచనల్లో అప్‌డేట్ చేయమనీ లేదు, సీజీపీఏ వాళ్లు అడిగే కనీసం కంటే పైనే ఉంది, బ్యాక్‌లాగ్ లేదు అంటే ఊరుకోవచ్చు. 8.1 నుంచి 7.93కి దిగిన సంగతి ఎదురెళ్లి చెప్పాల్సిన పని లేదు. కన్సల్టెన్సీల "పంపొద్దు" సలహా సరిపోయేది ఈ ఒక్క చోట.

కనీసం కంటే కిందికి దిగినా, ఎఫ్ పడినా మాత్రం మెయిల్ పెట్టడం మేలు. అడ్మిట్ ఇచ్చాక తెలిసే కంటే ముందే తెలిస్తే వాళ్లకు కండిషన్ పెట్టి ఇచ్చే అవకాశం ఉంటుంది. ఆ మెయిల్ ఎలా ఉండాలంటే: సబ్జెక్ట్ లైన్లో అప్లికేషన్ నంబరు, ప్రోగ్రాం, టర్మ్. లోపల నాలుగు వాక్యాలు. ఏడో సెమిస్టర్ ఫలితాలు ఫలానా తేదీన వచ్చాయి. మెమో జతచేశాను, ప్రస్తుత సీజీపీఏ ఇంత. ఫలానా సబ్జెక్టులో ఫెయిలయ్యాను, సప్లిమెంటరీ ఫలానా నెలలో, ఫలితం ఫలానా నెలకి వస్తుంది. డిగ్రీ ఫలానా నెలలో పూర్తవుతుంది. అంతే. జ్వరం, ప్లేస్‌మెంట్లు, ఇంట్లో పెళ్లి ఏవీ వద్దు. నిజంగా ఆస్పత్రిలో చేరిన సందర్భమైతే ఒక వాక్యం, డిశ్చార్జ్ సమ్మరీ ఉంటే దాని కాపీ. జతచేసేది ఫలితాల వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్ అయితే లాభం లేదు. కాలేజీ ముద్ర ఉన్న మెమోని రంగుల్లో స్కాన్ చేసిన పీడీఎఫ్ కావాలి.

కన్సల్టెన్సీలు రాసే వివరణ మెయిళ్లు చూస్తే నవ్వొస్తుంది. ఒకే పేరా, ఒకే "అనివార్య పరిస్థితులు", కింద పేరు మాత్రం మార్చి. ఒకే యూనివర్సిటీకి ఒకే ఆఫీసు నుంచి అలాంటివి నాలుగు వెళ్తే చదివేవాళ్లు గుర్తుపట్టరా?

ఈ దశలో అసలు చిక్కు లాగిన్. దరఖాస్తు కోసం ఆఫీసు వాళ్లే ఒక కొత్త మెయిల్ ఐడీ తెరుస్తారు, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే. ఫిబ్రవరిలో యూనివర్సిటీ "అప్‌డేటెడ్ ట్రాన్‌స్క్రిప్ట్ పంపండి, పది రోజులు టైము" అని రాస్తే అది ఆ ఐడీలో వందల మెయిళ్ల కింద పడి ఉంటుంది. గడువు దాటాక స్టేటస్ "ఇన్‌కంప్లీట్". మార్కులు తగ్గడం వల్ల పోయిందనుకునే అడ్మిట్లలో ఇలా పోయేవీ ఉంటాయి. సొంత మెయిల్ ఐడీతోనే ఫైల్ చేయమని మొదటి రోజే పట్టుబట్టండి. ఒప్పుకోని ఆఫీసుకు నమస్కారం పెట్టి బయటికి రండి.

అడ్మిట్ వచ్చేసిన దశలో లెటర్ మొత్తం చదవాలి. మొదటి పేజీలో అభినందనలు, రెండో పేజీలో షరతులు. సాధారణంగా ఉండేవి: డిగ్రీ పూర్తయినట్టు చూపే ఫైనల్ అఫీషియల్ ట్రాన్‌స్క్రిప్ట్, కొన్నిచోట్ల చివరి దాకా నిలబెట్టుకోవాల్సిన జీపీఏ, ఇవి అందకపోతే రిజిస్ట్రేషన్‌కి హోల్డ్. మార్కులు కాస్త తగ్గినంత మాత్రాన ఎంఎస్ అడ్మిట్ వెనక్కి తీసుకోవడం అరుదు. తీసుకునేది మూడు సందర్భాల్లో: డిగ్రీ పూర్తి కాకపోతే, లెటర్లో రాసిన జీపీఏ షరతు తప్పితే, ముందు అప్‌లోడ్ చేసిన కాపీకీ సీల్డ్ కవర్లో వచ్చిన ట్రాన్‌స్క్రిప్ట్‌కీ తేడా ఉంటే. మూడోదానికి క్షమాపణ ఉండదు. మెమోలో అంకె దిద్దుతామనే ఆఫర్ ఎవరు ఇచ్చినా, ఎంత దగ్గరివాళ్లైనా, ఆ గదిలోంచి లేచిపోవడమే. వెస్ అయినా అక్కడి యూనివర్సిటీ అయినా మార్కులు ఇక్కడి కాలేజీ నుంచో యూనివర్సిటీ నుంచో నేరుగానో, వాళ్లు సీలు వేసిన కవర్లోనో తెప్పించుకుంటాయి.

ఫండింగ్ ఉన్న ఆఫర్ వస్తే "రేపటిలోగా యాక్సెప్ట్ చెయ్యి, లేకపోతే పోతుంది" అని తొందరపెడతారు. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానానికి ఒప్పుకున్న యూనివర్సిటీలు ఆర్థిక సాయంతో కూడిన ఆఫర్‌కి ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పి తీరాలని ఒత్తిడి చేయవు. ఆ జాబితాలో ఉన్న యూనివర్సిటీ అయితే 4-1 రీవాల్యుయేషన్ ఫలితం వచ్చేదాకా ఆగే వెసులుబాటు దొరికినట్టే.

బ్యాక్‌లాగ్ ఉంటే క్యాలెండరే అసలు శత్రువు

సప్లీ ఉన్నవాళ్లకు ఈ ప్యాకేజీలు చేసే అన్యాయం ఒకటుంది, వెనక నుంచి లెక్క కట్టరు. ఆగస్టు మూడో వారంలో క్లాసులు మొదలైతే ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద అంతకు ముందు 30 రోజుల్లోనే అమెరికాలో అడుగుపెట్టాలి. ఆ లోపు సీఎంఎం (కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) చేతిలో ఉండాలి. అన్ని క్రెడిట్లూ పూర్తికానిదే పీసీ రాదు. 4-1 సప్లీ వేసవిలో పడితే ఫలితం జూన్, జూలై దాకా సాగొచ్చు. దాని మీద మెమో అచ్చు, సీఎంఎం, పీసీ, ట్రాన్‌స్క్రిప్ట్. అనుబంధ కాలేజీ అయితే కాకినాడ పని. ఆగస్టుకి మిగిలేది ఏమీ ఉండదు.

అందుకే ఎఫ్ కనపడిన రోజే రీవాల్యుయేషన్ వేయాలి. నోటిఫికేషన్లో గడువు కొద్ది రోజులే ఉంటుంది. కన్సల్టెన్సీలో ఎవరూ ఈ మాట ఎత్తరు, అది వాళ్ల పని కాదని వాళ్ల ఉద్దేశం. పాస్ మార్కుకు నాలుగైదు మార్కుల దూరంలో ఆగిపోయిన పేపరుకి ఆ ఫీజు దండగ అనిపించదు. అదే సమయంలో ఎగ్జామినేషన్ సెల్‌కి వెళ్లి సప్లీ తేదీ, ఫలితం అంచనా తేదీ కనుక్కోవాలి. ఫైనలియర్ వాళ్లకు ముందుగా సప్లిమెంటరీ పెట్టే కాలేజీలు కూడా ఉన్నాయి, అడిగితేనే తెలుస్తుంది.

ఆ తేదీలు పెట్టుకుని చూస్తే ఆగస్టు కుదరదని తేలిందా, జూన్‌లోనే స్ప్రింగ్‌కి (జనవరికి) గానీ వచ్చే ఫాల్‌కి గానీ డిఫర్ (అడ్మిషన్ వాయిదా) అడగాలి. స్ప్రింగ్ ఇంటేక్ లేని ప్రోగ్రాంలు చాలా ఉన్నాయి, ముందు అది చూడండి. సెవిస్ (అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థుల్ని నమోదు చేసే వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు కట్టేముందే ఈ లెక్క తేలాలి. కట్టించేసి, స్లాట్ బుక్ చేయించి, జూలైలో "డిఫర్ చేద్దాం అమ్మా" అనే ఆఫీసులు ఇక్కడ కొత్త కాదు. వీసా కౌంటర్ దగ్గర బ్యాక్‌లాగ్ గురించి అడిగితే సంఖ్య సూటిగా చెప్పడమే. ఇక్కడ మాక్ ఇంటర్వ్యూలు బాగానే చేయిస్తారు, ఆ మేరకు మెచ్చుకోవాలి.

ఫ్రీ ప్యాకేజీ తీసుకున్నవాళ్లకు ఇంకో ఉచ్చు. ఫ్రీ ఎలా గిట్టుబాటవుతుందంటే, చేరిన స్టూడెంట్‌కి పార్ట్‌నర్ యూనివర్సిటీ కమీషన్ ఇస్తుంది. మీ మార్కులు తగ్గగానే "ఆ అడ్మిట్ నిలవదు, ఇక్కడైతే గ్యారంటీ" అని ఆకుపచ్చ గడిలోంచి ఒక పేరు బయటికొస్తుంది. నిలవదని ఎవరు చెప్పారు? యూనివర్సిటీ మెయిల్ చూపించమనండి. చూపించలేకపోతే పాత అడ్మిట్ అలాగే ఉంది.

జర్మనీ, యూకే వాళ్లకు

జర్మనీ విషయంలో అంకె తగ్గడం నిజంగానే తలుపు మూయగలదు, ఎందుకంటే అక్కడ మన సీజీపీఏని జర్మన్ గ్రేడుకి మార్చే బవేరియన్ ఫార్ములా ఉంది, ఆ గ్రేడు ఎంత తక్కువైతే అంత మేలు. గరిష్ఠం నుంచి మీ సీజీపీఏ తీసేసి, గరిష్ఠానికీ పాస్ పాయింటుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. చాలా కోర్సులు 2.5 లేదా అంతకంటే తక్కువ అడుగుతాయి. పాస్ పాయింటు 5 అనుకుంటే 7.5 సీజీపీఏ దగ్గర సరిగ్గా 2.5 వస్తుంది. ఆరు సెమిస్టర్లకు 7.7 ఉన్నవాళ్లకు 2.38, లోపలే. 4-1లో 6.0 వస్తే సీజీపీఏ 7.44, గ్రేడు 2.54. బయట. పాస్ పాయింటుని 4గా తీసుకుంటే గీత 7.0కి దిగుతుంది. కాబట్టి మీ గ్రేడింగ్ స్కేలు మెమో వెనక ఏమని అచ్చయి ఉందో అదే ముఖ్యం. కన్సల్టెన్సీ క్యాలిక్యులేటర్‌లో పాస్ పాయింటు గడిలో ఏం వేశారో అడిగి చూడండి, చాలామంది దగ్గర అది ఎవరి మెమోకైనా ఒకటే. మన చదువు కాగితాలు అసలైనవని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ ఎలాగూ తప్పదు, 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు అది తప్పనిసరి. జర్మన్ యూనివర్సిటీల తరఫున దరఖాస్తులు పరిశీలించే యూనీ-అసిస్ట్ ఫీజు మొదటి కోర్సుకి 75 యూరోలు, ఆపై ఒక్కోదానికి 30. సీజీపీఏ మారితే ముందు జాబితా మార్చి ఆ తర్వాత కట్టండి.

యూకేలో వ్యవహారం బాహాటంగా ఉంటుంది. కండిషనల్ ఆఫర్లో కావాల్సిన శాతమో సీజీపీఏనో రాసేస్తారు. అది అందితే అన్‌కండిషనల్, అప్పుడే క్యాస్ లెటర్ (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ధ్రువీకరణ), అప్పుడే వీసా. కొద్దిలో తప్పితే అడ్మిషన్ టీంకి రాసి సడలింపు అడగొచ్చు, ఇస్తారు కూడా. నిజం చెప్పాలంటే మన కన్సల్టెన్సీలు బాగా చేసే పని ఇదే, యూనివర్సిటీ ప్రతినిధులతో వాళ్లకు నేరుగా మాటలుంటాయి. బ్యాక్‌లాగ్ సర్టిఫికెట్ అడిగితే అది సబ్జెక్టుల లెక్కా, రాసిన సార్ల లెక్కా అన్నది యూనివర్సిటీని అడిగి కాలేజీ నుంచి తెచ్చుకోండి. ఒకే పేపరు రెండుసార్లు పోతే ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు.

ఇంటర్ పిల్లల్ని అండర్‌గ్రాడ్‌కి పంపే ప్యాకేజీ కూడా ఇవే ఆఫీసులు అమ్ముతున్నాయి. దానికి రేటింగ్ ఐదుకి ఒకటి, మొహమాటం లేకుండా. అమెరికా కాలేజీలకు ఉమ్మడిగా దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో విద్యార్థి చదివే కాలేజీ కౌన్సెలర్ స్కూల్ రిపోర్టుతో పాటు మిడ్ ఇయర్ రిపోర్టు, చివర్లో ఫైనల్ రిపోర్టు పంపాలి. మన జూనియర్ కాలేజీల్లో కౌన్సెలర్ ఉండరు, ఆ పని ప్రిన్సిపల్ చేయాలి, కాలేజీ అధికారిక మెయిల్ నుంచి. కన్సల్టెన్సీ వాళ్లే కౌన్సెలర్ పేరుతో జీమెయిల్ తెరిచి నింపేయడం మోసం, దొరికితే అన్ని దరఖాస్తులూ పోతాయి. మిడ్ ఇయర్ రిపోర్టుకి హాఫ్ ఇయర్లీ మార్కులు వెళ్తాయి, నవంబరులో ముందస్తు గడువుకి వేసి, నిర్ణయాన్ని యూనివర్సిటీ వాయిదా వేసినవాళ్లకు తీర్పు చాలావరకు దాని మీదే. బోర్డు మార్కులు మాత్రం అడ్మిట్ తర్వాతే చేరతాయి. 2024లోనూ 2025లోనూ ఏపీ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వచ్చాయి, రెగ్యులర్ నిర్ణయాలు అప్పటికే మార్చి చివర్లో వచ్చేసి ఉంటాయి. ఆ మార్కులు దారుణంగా పడితే మే 1న సీటు ఖాయం చేసుకున్నాక కూడా వివరణ అడుగుతారు. అయినా ముందు దెబ్బ తినేది ఇంట్లోని ప్లాన్ బీ: ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ, జేఈఈతో ఎన్‌ఐటీకి వెళ్లాలంటే జనరల్‌కి 75 శాతం లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్. కౌంటింగు మీద అనుమానం ఉంటే బోర్డు రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ గడువు ఫలితాల వెంటనే మొదలవుతుంది.

ఇక డబ్బు కట్టాలా, ఫ్రీ తీసుకోవాలా, సొంతంగా చేసుకోవాలా? సీజీపీఏ 8 దాటి బ్యాక్‌లాగ్ లేనివాళ్లు అమెరికాకి సొంతంగా వేసుకోవచ్చు. హైదరాబాద్‌లోని ఎడ్యుకేషన్ యూఎస్‌ఏ సలహా కేంద్రం అమెరికా ప్రభుత్వ నెట్‌వర్క్‌లోది, కమీషన్ గొడవ లేదు. యూకేకి ఫ్రీ ప్యాకేజీ చాలు. 4-1 మీద అనుమానం ఉన్నవాళ్లు, ఒకటి రెండు సప్లీలు ఉన్నవాళ్లు డబ్బు కట్టే ప్యాకేజీ తీసుకుంటే అర్థం ఉంది, కాకపోతే రసీదు మీద రాయించుకోవాల్సినవి ఉన్నాయి. సొంత మెయిల్ ఐడీ, ప్రతి పోర్టల్ పాస్‌వర్డ్ మీ దగ్గర. 4-1 ఫలితం వచ్చిన వారంలో షార్ట్‌లిస్ట్ మళ్లీ చూడటం. యూనివర్సిటీకి వెళ్లే ప్రతి అప్‌డేట్ మెయిల్ పంపేముందు మీకు చూపించడం. ఇవి రాయమంటే "అవన్నీ ఎలాగూ చేస్తాం కదా మేడమ్" అంటారు. ఎలాగూ చేసేవాళ్లకు రాయడానికి ఇబ్బంది ఏముంటుంది?

ట్రాన్‌స్క్రిప్ట్‌లకు అప్లై చేసేటప్పుడు మాత్రం కన్సల్టెన్సీ చెప్పిన సంఖ్యకు రెండు కవర్లు ఎక్కువ తీసుకోండి. ఒకటి వెస్ తిప్పి అడిగితే, ఇంకోటి డిఫర్ అయితే పనికొస్తుంది. కవరు అతుకు మీద పరీక్షల కంట్రోలర్ సంతకం, ముద్ర అడ్డంగా పడ్డాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి. జూలైలో ఆ కిటికీ ముందు లైను ఎంతుంటుందో సీనియర్లని అడిగితే చెబుతారు.